బ్రాంచి మారునపుడు గిట్ జ్ఞాపకశక్తి

రఘునాథపల్లి వంటి తెలంగాణ గ్రామములలో పట్వారీలున్న కాలమున, ఏ సర్వే నంబరు ఎవరి స్వాధీనమందున్నదో, అందేమి పంట వేసిరో తెలియగోరినవారు పొలములన్నియు తిరుగనక్కరలేక పహాణీ అను భూముల లెక్కపుస్తకమును విప్పించి చూచుకొనెడివారు. ప్రోగ్రాములు వ్రాయువారి కృషిని భద్రపరచుటకై 2005 ఏప్రిలులో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన గిట్ అను సాధనమునందును ఇట్టి పహాణీ యొకటి కలదు. దాని పేరు ఇండెక్సు.

ఒకే ప్రోగ్రామును పలువురు పలు మార్గముల సవరించుచుండగా, ఒక్కొక్క మార్గమును బ్రాంచి యందురు. ఒక బ్రాంచినుండి మరియొక దానికి మారునపుడు, ఎదుటనున్న ఫైళ్ళన్నియు ఆ రెండవ మార్గమునకు తగిన రూపము దాల్చవలెను. ప్రతి ఫైలును తెరచి చదివి పోల్చుట కాలహరణము గనుక, ఇండెక్సు ప్రతిదాని పేరు, పరిమాణము, చివర మారిన సమయము, అందలి విషయమునుండి గణితముచే పుట్టిన గుర్తు మున్నగువానిని వ్రాసి యుంచును. పరిమాణము, సమయము మున్నగునవి ఎదుటనున్న ఫైలుతో సరిపోయినచో గిట్ దానిని తెరువదు. ఫోల్డరులకును ఇట్టి గుర్తులున్నవి. రెండు బ్రాంచీలయందును ఒక ఫోల్డరు గుర్తు ఒక్కటే యై, ఇండెక్సులోని గుర్తుతోను సరిపోలినచో, గిట్ భాండారములోని ఫోల్డరు చిట్టాలను ఒక్కొక్కటిగా విప్పక ఇండెక్సు వరుసనే చదువుకొనిపోవు నేర్పు 2018లో వెలువడిన 2.20వ వెర్షనులో చేరినది.

అయినను జ్ఞప్తిని గ్రుడ్డిగా నమ్మరాదు. ఇండెక్సు వ్రాయబడిన క్షణముననే ఫైలు మారి, దాని పరిమాణము మాత్రము మారకయున్నచో, కాలపు లెక్క మోసగింపవచ్చును. అట్టి సందేహము గల తావున గిట్ ఫైలును తెరచి పోల్చియే తీరును. వేగముకొరకు సత్యమును వదలుకొనని ఈ నియమమే దాని గొప్పతనము.

మైక్రోసాఫ్టు సంస్థ 2017 నాటికి విండోస్ మూలమును గిట్ లోనికి చేర్చినపుడు, దాదాపు 35 లక్షల ఫైళ్ళు, 300 గిగాబైట్ల భారముతో బ్రాంచి మారుటకు గంటలు పట్టుచుండెను. అవసరమైన ఫైళ్ళను మాత్రమే తెచ్చికొను ఏర్పాటుతో అది అరనిమిషమునకు దిగినది. మారిన ఫైళ్ళేవో ఆపరేటింగ్ సిస్టమునే అడిగి తెలిసికొను సౌకర్యము 2022లో 2.37వ వెర్షనుతో విండోస్, మ్యాక్ యంత్రములకు గిట్ లోనే లభించినది.

ఈ ఉపాయములు మహాసంస్థలకే పరిమితములు కావు. చేయనక్కరలేని పనిని నిశ్చయముగా గుర్తించి విడిచిపెట్టు విద్య, ఖరీదైన యంత్రము కొనలేని పల్లె విద్యార్థికే అధికముగా అక్కరకు వచ్చును. గిట్ ఉచితముగా లభించునది గనుక, పాత కంప్యూటరు ముందు కూర్చుండియు ఆతడు ఈ వివేకమును నేర్చికొని తన ప్రోగ్రాములలో ప్రయోగింపవచ్చును.