నీటి వేడిమి – విషము తీవ్రత

గుంటూరు, ప్రకాశము జిల్లాలలో ప్రత్తికిగాని మిరపకుగాని పురుగుమందు కొట్టని పంటకాలము అరుదు. వాన కురిసినపుడు ఆ మందులో కొంత పొలమునుండి వాగులోనికి, వాగునుండి చెరువులోనికి చేరును. ఎంత మందు చేరినదని మనము అడుగుదుము. ఆనాడు నీరు ఎంత వెచ్చగా నున్నదని అడుగము. కాని విషము తీవ్రత ఈ రెంటిపైనను ఆధారపడి యుండును.

చెరువును కాపాడునది కంటికి ఆనీ ఆనని జీవకోటి. నాచు కణములు ప్రాణవాయువునిచ్చును. బాక్టీరియా కుళ్ళిన పదార్థములను విడగొట్టును. ఆవగింజంత డాఫ్నియాలు నాచును తిని నీటిని తేటపరచును. డాఫ్నియాలు చచ్చినచో నాచు పెచ్చు పెరిగి నీరు పచ్చబడును.

ఈ జీవులకు నీటి వేడియే ఒంటి వేడి. నీరు 10 డిగ్రీలు వేడెక్కినచో, అవి తట్టుకొనగల మేరకు, వాటి జీవక్రియల వేగము ఇంచుమించు రెండు మూడు రెట్లగును. విషము లోనికి చొచ్చుటయు త్వరితమగును. క్లోరోపైరిఫాస్ వంటి మందు జంతు శరీరములో మార్పుచెందిన పిదపనే తీవ్రవిషమగును. వెచ్చదనము ఆ మార్పును త్వరపరచును. అదే సమయమున ప్రాణవాయువు కొరవడును. 20 డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగగా, 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే కరగును. వెచ్చని నీటిలో మందు త్వరగా విరుగుట నిజమే. కాని విరుగులోపలనే హాని జరిగిపోవచ్చును.

అన్ని విషములును ఒకే త్రోవను పోవు. సైపర్‌మెత్రిన్ మొదలగు పైరిథ్రాయిడ్లు పలు కీటకములకు, చిన్న రొయ్యజాతి జీవులకు చల్లని నీటిలోనే ఎక్కువ హాని చేయును. నాడులలో సోడియము ప్రవేశించు ద్వారములను ఈ మందు తెరచి యుంచును. చలిలో అవి మరింత ఆలస్యముగా మూతపడును. ఈ మందులు మన రైతులకు చిరపరిచితములు. 1987-88లో ప్రత్తిపై శనగపచ్చ పురుగు వీనికి లొంగకపోగా మరల మరల కొట్టిరి. కనుక మిరపకు పుష్యమాసపు చలిలో కొట్టిన మందును తేలికగా తలపరాదు.

డాఫ్నియాలపై విషపరీక్షను అంతర్జాతీయ పద్ధతి ప్రకారము 18 నుండి 22 డిగ్రీల నీటిలో 48 గంటలు జరుపుదురు. మే నెలలో మన చెరువు నీరు 30 డిగ్రీలు దాటును. అక్కడ తేలిన అంకె ఇక్కడ ఉన్నదున్నట్లు చెల్లదు. మన నీటి వేడిమివద్దను పరీక్షలు జరుగవలెను.

సాగరు కుడికాలువ నీటిని చెరువులలో నింపుకొని వేసవియంతయు త్రాగు గ్రామములు ఈ జిల్లాలలో అనేకము. ఎండకు ఆ నీరు తగ్గును, వేడెక్కును. ఉన్న విషము చిక్కబడును. అందుచే మందు డబ్బాలను, స్ప్రేయర్లను చెరువులోగాని కాలువలోగాని కడుగరాదు. కడిగిన నీటిని మందు కొట్టిన చేనిపైననే చల్లవలెను.