తుంటికీలు మార్పిడి - కోణములు కొలుచు కంప్యూటర్

తుంటికీలు అరిగి, పొలము గట్టుదాక నడచుటయు దుర్భరమైనవారికి కృత్రిమ కీలు నమర్చుట నేడు సాధారణ చికిత్స యైనది. దీనిని కంప్యూటర్ సహాయమున జేయుదుమని కొన్ని ఆసుపత్రులవారు చెప్పుచున్నారు. ఆ యంత్రము చేయు పని యెట్టిది, దానికై అధికవ్యయమున కొప్పుకొనవలయునా యను సంశయము సభ్యులకు గలుగుట సహజము. కావున ఆ విషయ మిచట వివరింపబడుచున్నది.

తొడయెముక పైకొన బంతివలె నుండి, కటియెముకలోని గుంటలో తిరుగుచుండును. చికిత్సలో ఆ గుంటను తొలిచి కృత్రిమమైన గిన్నెను బిగింతురు. తొడయెముకలో లోహపుకాడను దింపి దానిపై బంతి నమర్తురు. ఇంగ్లండునందలి రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్‌లీ 1962లో లోహపుబంతిని, పాలిఎథిలీను గిన్నెను వాడి యీ పద్ధతికి గట్టి పునాది వేసెను.

ఇందు కీలకము గిన్నె వాలు. బండియిరుసు వంకరయైనచో చక్ర మొకప్రక్కనే యరుగును. అట్లే గిన్నె వాలు తప్పినచో అరుగుదల హెచ్చును. క్రిందికి బాగుగ వంగినపుడు గాని, గొంతుకూర్చున్నపుడు గాని బంతి గిన్నెనుండి జారిపోవచ్చును. గిన్నె ప్రక్కవాలు 30 మొదలు 50 డిగ్రీలలోను, ముందువాలు 5 మొదలు 25 డిగ్రీలలోను ఉండుట క్షేమమని 1978లో అమెరికాలో ల్యూనెక్ మొదలగు వైద్యులు ప్రకటించిరి. వారు చూచినవారిలో ఈ హద్దులలోనున్న కీళ్లు నూటికి 1.5 వంతున, హద్దుదాటినవి 6.1 వంతున జారినవి. అయితే బల్లపై పరుండిన రోగి కటి కొంచె మొరిగినను వైద్యుని కంటిచూపు మోసపోవును.

కంప్యూటర్ ఇచ్చటనే తోడ్పడును. సర్వే చేయువాడు స్థిరమైన రాళ్లను గుర్తించి, వాటినుండి చేను కొలుచును గదా! అట్లే వైద్యుడు కటియెముక ముందుభాగమున ఇరువైపుల చేతికి తగులు మొనలను, పొత్తికడుపు దిగువనున్న యెముకను సూచికతో తాకి యంత్రమునకు దెలుపును. ఎముకకు బిగించిన గుర్తులను, పనిముట్లపై గుర్తులను పరారుణ కెమెరా కనిపెట్టుచుండును. గిన్నె యెన్ని డిగ్రీలు వాలియున్నదో తెరపై వెంటనే కనబడును. తొలుచుటయు, అమర్చుటయు వైద్యుని చేతిపనియే.

రాయి కదలినచో కొలత యంతయు తప్పును. ఎముకకు బిగించిన గుర్తు వదులైనను, స్థూలకాయులలో కొవ్వువలన ఎముక సరిగా తగులకున్నను యంత్రము తప్పుచెప్పును. మఱియు కోణ మొక్కటియే సర్వము గాదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2016లో ప్రకటించిన పరిశీలనలో, జారిన 206 కీళ్లలో నూటికి 58 వంతున గిన్నెలు పై హద్దులలోనే యుండెను. కండరముల బిగువు, వెన్నెముక వంగు తీరు, కాడ దిగిన తీరు గూడ లెక్కకు వచ్చును.

అయినను యంత్రము నిష్ఫలము గాదు. దాని సాయమున గిన్నెలు హద్దు దప్పుట తగ్గుచున్నది. ఆస్ట్రేలియా దేశపు జాతీయ రిజిస్టరులోని 6,912 చికిత్సలను పరిశీలించి 2021లో ప్రకటించిన వ్యాసములో, కీలు జారుటచే మరల శస్త్రము చేయవలసివచ్చుట తగ్గినట్లు తేలినది. అన్ని కారణములను గలిపి చూచినపుడు మాత్రము భేదము స్పష్టముగా గానరాలేదు.

కావున యంత్రము లేదని మంచివైద్యుని విడుచుటయు, యంత్ర మున్నదని చేను తాకట్టుపెట్టుటయు తగదు. ఈ చికిత్స యేటేట నెన్ని చేయుచున్నారు, యంత్రమునకై ప్రత్యేకముగా నెంత తీసికొందురు, దానివలన ఈ రోగికి గలుగు లాభమేమి యని ముందుగా నడిగి తెలిసికొనవలయును. కొలబద్ద యెంత మంచిదైనను, దానిని పట్టిన చేతి నేర్పే ముఖ్యము.