నాటాల్ చెరకుతోటల్లో మన జిల్లా

చెరకు చూడటానికి చీడికాడ నుంచి ఆఫ్రికా పోవాలా అని ఎవరికైనా నవ్వు రావచ్చు. గోవాడ చక్కెర మిల్లుకు తోలుకుపోయే బళ్ళ వెనకాల పరుగెత్తి గడలు లాక్కున్న బాల్యం మాది. అనకాపల్లి బెల్లం సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. అయినా దక్షిణాఫ్రికాలోని డర్బనులో నాలుగు వారాలు చదువుకుని తిరిగివచ్చాక, నాకు కళ్ళల్లో నిలిచిపోయినవి సింహాలూ కావు, హిందూ మహాసముద్రమూ కాదు. నగరం దాటగానే ఉత్తరంగా కొండవాలుల మీద పరచుకున్న చెరకుతోటలు.

క్వాజులు-నాటాల్ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా రాజకీయాలూ, సంస్కృతీ బోధించే స్వల్పకాలిక కోర్సు అది. పొద్దున్న పాఠాలు, మధ్యాహ్నం పేటల్లో తిరగడం, రాత్రి చూసినదాన్ని గురించి వ్రాసుకోవడం. ప్రయాణం మాట విని మా నాయనమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అందరూ అమెరికా ఎల్తంటే నువ్వు ఆఫ్రికా ఎల్తానంతావేటే? అక్కడ మనోళ్ళెవరున్నారే?" అంది.

మనవాళ్ళెవరున్నారో అక్కడి కాగితాలే చెప్పాయి.

ఓడల పట్టీలు

ఆ విశ్వవిద్యాలయపు వెస్ట్‌విల్ ఆవరణలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటరు అనే రికార్డుల భాండాగారం ఉంది. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బను రేవు చేరింది. 1911లో ఈ రవాణా ఆగిపోయేలోగా 384 ఓడ ప్రయాణాల్లో మొత్తం 1,52,184 మంది ఒప్పంద కూలీలు నాటాలుకు వచ్చారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు మీదుగా వచ్చినవారే.

ఎందుకు తెచ్చారంటారా? జూలూలకు సొంత పొలాలూ, పశువులూ ఉన్నాయి. తెల్లదొరల తోటల్లో, వాళ్ళు పెట్టే షరతులకు లోబడి పనిచేయవలసిన అగత్యం వారికి కనిపించలేదు. అందుకని దొరల కళ్ళు మన దేశం మీద పడ్డాయి. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందం తీరాక కూడా అక్కడే ఉండిపోదలచిన వారిమీద 1895లో ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. గాంధీగారి నాయకత్వాన 1913లో కూలీలు సమ్మె కట్టి, మరుసటి సంవత్సరం ఆ పన్ను రద్దు చేయించుకున్నారు.

పట్టీల్లో ప్రతి మనిషికీ ఒక నంబరు. పక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు. విజగపటాం జిల్లా మాటిమాటికీ తగులుతుంది. చీడికాడ కోసం వెదికాను. ఇంగ్లీషు అక్షరాల్లో నలిగిపోయిన ఊళ్ళ పేర్లలో అది నాకు దొరకలేదు. కాని మనుషుల పేర్లు నలిగినా గుర్తుపట్టగలిగాను. సింహాచలం అప్పన్న పేరు పిల్లలకు పెట్టుకునే వాళ్ళెవరో మనకు తెలియదూ? అప్పలసామి, అప్పలరాజు అనేవి నేడు డర్బనులో ఇంటిపేర్లుగా చలామణీ అవుతున్నాయి. ఆ ఇళ్ళలో చాలామందికి అప్పన్న ఎవరో తెలియకపోవచ్చు. పేరు మాత్రం నూరేళ్ళకు పైగా కాపాడుకొచ్చారు.

ఇద్దరినీ తరిమిన చట్టం

ఇంతవరకూ వింటే ఇది మనవాళ్ళ కష్టాల కథ అనిపిస్తుంది. రాజకీయాల పాఠం అక్కడితో ఆగనివ్వలేదు. 1949 జనవరిలో డర్బనులో ఆఫ్రికనులకూ, భారతీయులకూ మధ్య అల్లర్లు చెలరేగి 142 మంది చనిపోయారు. కేటో మేనర్ అనే పేటలో స్థలాలు చాలావరకు భారతీయులవి, అద్దెకున్నవారు ఆఫ్రికనులు. ఇంటివారికీ అద్దెవారికీ ఉండే తగాదాలు మనకు తెలియనివా? దానికి రంగు భేదం కూడా తోడయింది. తర్వాత, 1950లో వచ్చిన గ్రూపు ఏరియాల చట్టం ఇద్దరినీ ఖాళీ చేయించింది. భారతీయులను చాట్స్‌వర్తుకూ, ఆఫ్రికనులను క్వామషూకూ తోలింది.

1984లో ప్రభుత్వం ఒక ఎర వేసింది. పార్లమెంటులో భారతీయులకు ప్రత్యేకంగా ఒక సభ ఇచ్చింది. ఆఫ్రికనులకు ఏమీ ఇవ్వలేదు. భారతీయ ఓటర్లలో అత్యధికులు ఆ ఎన్నికలకు దూరంగా ఉండిపోయారు. పక్కవాడికి విస్తరి వెయ్యని పంక్తిలో మేము కూర్చోము అన్నట్టు! ఆ పాఠం విన్ననాడు, మనవాళ్ళని చెప్పుకుని గర్వించడానికి ఓడ ఎక్కడం కంటే ఇదే పెద్ద కారణమని తోచింది. అందరూ కలిసి ఓటు వేసిన రోజు 1994 ఏప్రిల్ 27న వచ్చింది.

పాత గాయం పూర్తిగా మానిందని మాత్రం చెప్పలేను. 2021 జులై అల్లర్లలో, భారతీయులు ఎక్కువగా ఉండే ఫీనిక్సు ప్రాంతంలో 30 మందికి పైగా చంపబడ్డారు; వారిలో అత్యధికులు ఆఫ్రికనులు. గాంధీగారు 1904లో ఆశ్రమం పెట్టుకున్న చోటు ఆ పక్కనే.

రాజ్యాంగంలో తెలుగు

1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ స్థాపించారు. అయినా ఇళ్ళలో మాట క్రమంగా ఇంగ్లీషయింది. కాని ఒక సంగతి చెబితే మీరు సంతోషిస్తారు. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరవ విభాగంలో, గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది.

చాట్స్‌వర్తులో ఒక పెద్దావిడ నాకు టీ ఇచ్చింది. ఆవిడకు వచ్చిన తెలుగు పది మాటలకు మించదు. మీదే ఊరని అడిగాను, మన జిల్లా పేరు చెబుతుందేమోనని. "డర్బనే, ఇంకేముంది?" అన్నట్టు చూసింది. ఇంతలో పక్కింటి జూలూ పిల్ల గుమ్మంలోంచి "గోగో!" అని పిలిచింది. గోగో అంటే జూలూ భాషలో అమ్మమ్మ. ఆవిడ లేచి ఆ పిల్లకు రెండు బిస్కట్లు ఇచ్చి వచ్చింది.

నాలుగు వారాల్లో ఆఫ్రికాను ఎవరూ నేర్చుకోలేరు. అయితే అక్కడ మనవాళ్ళంటే ఎవరో ఆ కాస్త సమయంలోనే తెలిసింది: ఇక్కడినుంచి పోయిన వాళ్ళని కాదు, అక్కడ ఇరుగుపొరుగై నిలిచినవాళ్ళని. మీ ఇంట్లో పిల్లలెవరైనా అటువైపు చదువుకు వెళతామంటే, దయచేసి "అక్కడేముంది?" అనకండి. మన జిల్లా చరిత్రలో కొన్ని పేజీలు అక్కడే ఉన్నాయి.