గండిపేట: పిల్లలకు చూపించాల్సిన నీళ్లు

వేసవి సెలవులకో దసరాకో పిల్లాజెల్లాతో చుట్టాలొస్తే హైదరాబాద్‌లో తిప్పే చోట్ల వరస దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం, జూపార్కు, బిర్లా మందిరం, పక్కనే ప్లానెటేరియం, పొద్దుగూకే వేళకు ట్యాంక్‌బండ్. అన్నీ చూడదగ్గవే, వేటినీ మానుకోమనను. కానీ ఇవన్నీ చూసి రైలెక్కిన పిల్లవాడికి ఈ ఊరు ఏ నీళ్లు తాగి పెరిగిందో, ఏ నీళ్లకు ఒకసారి కొట్టుకుపోయిందో తెలియదు. ఆ సంగతి తెలియాలంటే ఒక రోజు పడమరకు, గండిపేటకు పోవాలి. నగరం నడిబొడ్డు నుంచి ఇరవై కిలోమీటర్ల దారి. అక్కడి కట్ట, గుడి, అడవి, మర్రిచెట్ల రోడ్డు విడివిడి వినోదాలు కావు. ఒకే నదికి చెందినవి. పిల్లలకు అలా చూపిస్తేనే ఆ రోజుకు విలువ.

మొదట ఈ చెరువు ఎందుకు పుట్టిందో చెప్పుకోవాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో హైదరాబాద్‌లో చాలా భాగం తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాళ్లు పదిహేను వేల మంది దాకా ఉంటారని అంచనా. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పాలన. మరుసటి ఏడు, అంటే 1909లో, మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పమన్నారు. ఆయన వానల లెక్కలు, వాగుల లెక్కలు తీయించాడు. మూసీకి పైనున్న ప్రాంతంలో 788 చెరువులుంటే ఆ వానకు 221 తెగాయని తేలింది. మన ఊళ్లవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువులోకి వస్తాయి. పైది తెగితే ఆ ఉరవడికి కిందిది ఆగదు. నగరం మీదికి వచ్చింది ఆకాశంలోంచి పడ్డ వాన ఒక్కటే కాదు, తెగిన చెరువుల నీళ్లన్నీ ఒక్కసారిగా వచ్చాయి.

విశ్వేశ్వరయ్య చెప్పిన మందు ఇది: నగరానికి పైన, మూసీ మీద ఒకటి, దాని ఉపనది ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు వాటిలో ఆపి, నది ఓర్చుకోగలిగినంత మేరకే మెల్లగా కిందికి వదలాలి. మూసీ మీద కట్టింది 1920లో పూర్తయింది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద ఉస్మాన్‌సాగర్ అన్నారు, జనం మాత్రం పక్కనున్న ఊరి పేరుతో గండిపేట అనే అన్నారు. ఈసీ మీది హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది.

కట్ట మీద నిలబడి పిల్లలకు చెప్పాల్సిన అసలు సంగతి ఒకటుంది, పెద్దలకు కూడా చాలామందికి తట్టనిది. ఈ చెరువుకు రెండు పనులు అప్పగించారు, ఆ రెండూ ఒకదానికొకటి పడవు. వానకు ఇల్లు కారే చోట పెట్టిన బిందె ఖాళీగా ఉండాలి, వంటింట్లో మంచినీళ్ల బిందె నిండుగా ఉండాలి. గండిపేట ఒక్కటే ఈ రెండు బిందెల పనీ చేయాలి. వరద ఆపాలంటే లోపల చోటు మిగిలి ఉండాలి. వేసవి దాకా నగరానికి తాగునీళ్లివ్వాలంటే వానాకాలం పోయేసరికి నిండాలి. అందుకే జూలై నుంచి అక్టోబర్ దాకా నీటిమట్టం చూసుకుంటూ గేట్లు ఎప్పుడు ఎత్తాలి, ఎన్ని అడుగులు ఎత్తాలి అన్నది ఇంజినీర్లకు ఏటా పరీక్షే. గండిపేటకు 15 గేట్లు, హిమాయత్‌సాగర్‌కు 17. ఎత్తడం ఆలస్యమైతే కిందివాళ్లకు ముప్పు, తొందరపడితే నీళ్లు పోతాయి. 2025 సెప్టెంబర్ చివర రెండింటి గేట్లూ ఎత్తాక మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి వచ్చింది, ప్రయాణికులను బయటికి తరలించాల్సి వచ్చింది. నూట పదిహేడేళ్ల తర్వాత కూడా ఆ నది ఆ దారిని మర్చిపోలేదు.

చెరువు ఎంత పెద్దదని పిల్లలు అడుగుతారు. నిండితే 3.9 టీఎంసీ. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు, దాదాపు 2,830 కోట్ల లీటర్లు. గుణించి చూస్తే గండిపేట నిండు చెరువు పదకొండు వేల కోట్ల లీటర్లు. నగర జనాభా కోటి అనుకుంటే మనిషికి పదకొండు వేల లీటర్లు, రోజుకు వంద చొప్పున వాడితే మూడున్నర నెలల నీళ్లు. ఆవిరయ్యేవి, ఇంకేవి తీసేయకుండా వేసిన లెక్కే ఇది. మంజీర, సింగూరు తర్వాత కృష్ణా, గోదావరి నీళ్లను అంత దూరం నుంచి ఎందుకు తోడి తేవాల్సి వచ్చిందో పదేళ్ల పిల్ల కూడా వేళ్ల మీద లెక్కపెట్టి తెలుసుకోగలదు. తేడా ఇంకోటి కూడా చెప్పాలి. కృష్ణా నీళ్లు మోటార్ల మీద ఎక్కి రావాలి. గండిపేట నగరం కంటే ఎత్తులో ఉంది. రాతికట్టుతో మూసి కట్టిన కాలువలో నీళ్లు వాలు మీదే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా చేరేలా అప్పుడే ఏర్పాటు చేశారు. కరెంటు ఖర్చు లేని మంచినీళ్లు అవి. గండిపేట నీళ్లు తాగినవాళ్లు హైదరాబాద్ విడిచిపోరనే మాట పాతనగరంలో ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక అక్కడ ఏం చూడొచ్చు అంటే, మొదటిది నీళ్లే. పొద్దున్నే పోతే గాలి బాగుంటుంది. నిజాం వేసవి విడిదిగా కట్టించుకున్న సాగర్ మహల్ నీళ్లకు ఎదురుగా ఉంది. 2022లో ఒడ్డున తెరిచిన పార్కులో చిన్నపిల్లలు పరిగెత్తడానికి చోటుంది, ముసలివాళ్లు కూర్చోవడానికి నీడ ఉంది. నీళ్లలోకి మాత్రం ఎవరినీ దిగనివ్వొద్దు. ఒడ్డు మెట్టగా కనిపించినా లోతు ఎక్కడ మొదలవుతుందో తెలియదు, పైగా అవి తాగే నీళ్లు. తెచ్చుకున్న పులిహోర తిన్నాక ఆకులు, కవర్లు తిరిగి సంచిలోనే వేసుకు రావాలి. ఇది మర్యాద కోసం చెబుతున్నది కాదు, వదిలేసినది మొదటి వానకు చెరువులోకే పోతుంది.

ఒడ్డున నడిచేటప్పుడు పిల్లలకు చూపించాల్సినది ఇంకొకటి ఉంది. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి విశాలంగా గడ్డి నేల బయటపడుతుంది. దాన్ని శిఖం భూమి అంటారు. చూస్తే ఎవరిదో ఖాళీ జాగా అనిపిస్తుంది. కానీ 1,790 అడుగుల నిండు మట్టం దాకా, అంటే ఎఫ్‌టీఎల్ దాకా, అది చెరువు నేలే. మూడేళ్లు నీళ్లు రాకపోయినా నాలుగో ఏడు వస్తాయి. ఈ తేడా తెలియకనో, తెలిసీనో జనం అందులో కట్టుకుంటారు. 2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా గండిపేట చుట్టూ ఎఫ్‌టీఎల్‌లో కట్టినవి కొన్ని కూల్చింది. ఎండిన నేలను చూసి ఇది నీళ్లదని గుర్తుపట్టే చూపు పిల్లలకు చిన్నప్పుడే రావాలని నా కోరిక.

చెరువు దాటి అవతలి ఒడ్డుకు పోతే చిలుకూరు. మెహదీపట్నం నుంచి సిటీ బస్సులున్నాయి. బాలాజీ గుడిలో హుండీ లేదు, టికెట్టు లేదు, వీఐపీ దర్శనం లేదు. కోరిక చెప్పుకుని పదకొండు ప్రదక్షిణలు, తీరాక వచ్చి నూట ఎనిమిది. విదేశాలకు పోయే కుర్రాళ్లు మొక్కుకోవడం వల్ల వీసా బాలాజీ అని పేరొచ్చింది. అంకెలు అచ్చేసిన చీటీ మీద ఒక్కో చుట్టుకూ ఒక్కో గుర్తు పెట్టుకుంటూ తిరిగే జనంలో కలిసి తిరగడం పిల్లలకు సరదాగానే ఉంటుంది. శుక్ర, శని, ఆదివారాలు మాత్రం జనం బాగా ఉంటారు. చంటిపిల్లలుంటే మంగళవారమో బుధవారమో పోవడం నయం.

గుడికి దగ్గర్లోనే మృగవని జాతీయ వనం. 1994లో ప్రకటించారు, సుమారు 3.6 చదరపు కిలోమీటర్లు. జాతీయ వనం అన్న పేరు విని పులుల కోసం వెతికితే నిరాశే. ఇక్కడుండేవి చుక్కల దుప్పులు, కణుజులు, అడవిపందులు, నెమళ్లు. పొట్టి చెట్ల, తుప్పల దక్కను అడవి ఎలా ఉంటుందో చూడ్డానికి నగరానికి ఇంత దగ్గరలో ఇంకో చోటు అరుదు. జూలో జంతువు ఎదురుగా ఉంటుంది. ఇక్కడ నిశ్శబ్దంగా ఉంటేనే కనబడుతుంది. పిల్లలకు రెండూ కావాలి.

మొయినాబాద్ రెండు జలాశయాల నడుమ ఉన్న మండలం. అక్కడి నుంచి చేవెళ్ల వైపు, బీజాపూర్ రోడ్డు పట్టండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల ఈ రోడ్డుకు రెండు పక్కలా నిజాం కాలంలో నాటిన మర్రిచెట్లు సుమారు తొమ్మిది వందలున్నాయి. కొన్ని చోట్ల కొమ్మలు రోడ్డు మీద కలుసుకుంటాయి. ఊడలు పట్టుకుని ఊగకుండా ఏ పిల్లవాడూ ఆగడు. కాకపోతే రోడ్డుకు మరీ దగ్గరున్న చెట్ల జోలికి పోకుండా, పొలం దారిలోకి మళ్లి ఆగండి. లారీలు, టిప్పర్లు బాగా తిరిగే ఇరుకు రోడ్డది, ప్రమాదాలు ఎక్కువ. దాన్ని నాలుగు వరసలు చేయాలన్నది న్యాయమైన అవసరం. చెట్లు కొట్టకుండా చేయమని పర్యావరణ ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు, అదీ న్యాయమే. వందేళ్ల మర్రిని కొట్టడానికి ఒక పూట చాలు కాబట్టి, కొత్త రోడ్డు పక్కకు జరిగే వీలున్న ప్రతి చోటా జరగాలన్నదే నా మాట.

రోడ్డు పక్కన టమాటా, కూరగాయలు, గులాబీ, చామంతి తోటలు కనబడతాయి. నగరం మార్కెట్లకు వచ్చే పూలు, కూరల్లో మంచి భాగం చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పొలాలదే. అక్కడ ఇంకా పొలాలు ఉండటానికి ఒక కాగితం కారణం. 1996 మార్చి 8న వచ్చిన జీవో 111. రెండు జలాశయాల నిండు మట్టం నుంచి పది కిలోమీటర్ల లోపు 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదంది. సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. ఒక నూనెల పరిశ్రమ కేసులో 2000లో సుప్రీంకోర్టు కూడా తాగునీటి వైపే నిలిచింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది, 2023 మేలో మంత్రివర్గం 111ను రద్దు చేయాలని నిర్ణయించింది.

ఇక్కడి రైతు గోడు వినకుండా ఈ సంగతి మాట్లాడకూడదు. ఔటర్ రింగురోడ్డు దగ్గర కోకాపేటలో ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇక్కడ తన భూమికి అందులో పదో వంతు రాదు. కోటి మంది నీళ్ల కోసం నష్టం ఒక్కడే ఎందుకు భరించాలి? ఆ ప్రశ్నకు జవాబు చెరువును వదిలేయడం కాదు. పొలాన్ని పొలంగా ఉంచినందుకు రైతుకు ఏటా ఎకరానికి ఇంత అని నీళ్ల బిల్లులోంచి నగరం చెల్లించాలి. వాన ఇంకే నేల మీద సిమెంటు పరిస్తే నీళ్లు ఇంకవు, ఉరికి వస్తాయి. అప్పుడు ఎండాకాలం చెరువు ఎండుతుంది, వానాకాలం గేట్లు ఆగవు. రెండు పనుల్లో దేనికీ పనికిరాని చెరువు మిగులుతుంది.

ఇంకా ఓపికుంటే వికారాబాద్ దాకా పోయి అనంతగిరి కొండలు చూడొచ్చు. మూసీ పుట్టేది అక్కడే. అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, నడిచే దారులున్నాయి. వానలు వెనకబట్టాక, సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా బాగుంటుంది. దానికి వేరే రోజు కేటాయించడం మంచిది, పిల్లలు అలసిపోతారు.

తిరుగుదారిలో మాత్రం రెండు చోట్ల ఆగాలి. ఒకటి లంగర్‌హౌజ్‌లోని బాపూఘాట్. గండిపేట నుంచి వచ్చిన మూసీ, హిమాయత్‌సాగర్ నుంచి వచ్చిన ఈసీ కలిసేది అక్కడే. 1948లో గాంధీజీ అస్థికలు కలిపింది ఆ సంగమంలోనే. పొద్దున చూసిన తేట నీళ్లు అక్కడికి వచ్చేసరికి ఎలా ఉన్నాయో పిల్లలే చూస్తారు, ఎందుకలా అయ్యాయని అడుగుతారు. ఇళ్ల మురుగు, ఫ్యాక్టరీల మురుగు అని దాచకుండా చెప్పండి.

రెండోది అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 వరదలో దాని కొమ్మలెక్కి నూటయాభై మంది దాకా బతికారు. చెట్టు ఇంకా పచ్చగానే ఉంది. అందరి రాకపోకలకు అడ్డుకాకుండా చూడాలి కాబట్టి, ఓపీ రద్దీ ఉండని ఆదివారం పోవడం మేలు.