లిత్ ప్రింటు: గడియారానికి అందని ముద్రణ

లిత్ డెవలపరు పుట్టింది అచ్చుపని కోసం. బొమ్మలను చుక్కలుగా విడగొట్టే ఫిల్ముపై, బూడిదరంగుకు తావులేని నలుపు తెలుపులు రాబట్టడమే దాని పని. విచిత్రమేమిటంటే, అదే ద్రావణాన్ని బాగా పలుచన చేసి, ఫొటో కాగితానికి మామూలుకన్నా నాలుగు నుంచి ఎనిమిది రెట్లు వెలుగు చూపితే, మొరటు నలుపు పక్కనే మీగడ, ఇటుక ఛాయలు పుడతాయి.

కారణం రసాయనికం. మామూలు డెవలపర్లలో హైడ్రోక్వినోన్ ఆక్సీకరణం చెందగా పుట్టే పదార్థాలను సల్ఫైటు ఎప్పటికప్పుడు తొలగిస్తుంది. ఇక్కడ స్వేచ్ఛా సల్ఫైటు అత్యల్పం. కనుక ఆ పదార్థాలే చర్యను మరింత ఎగదోస్తాయి. చాలాసేపు ఏమీ జరగనట్టే ఉండి, ఎండుగడ్డికి నిప్పంటుకున్నట్టు నీడలు ఒక్కసారిగా నల్లబడతాయి. లేత భాగాల్లో వెండి రేణువులు అప్పటికింకా చిన్నవి. వాటి చిన్నతనం వల్లనే ఆ వెచ్చని రంగు.

నీడలు తగినంత ముదిరిన క్షణాన కాగితాన్ని స్టాప్ బాత్‌లోకి లాగేయాలి. అంటే లేత ఛాయలను వెలుగు, నీడలను ఆ క్షణం నిర్ణయిస్తాయి. ద్రావణం ప్రింటు ప్రింటుకూ అలసిపోతుంది గనుక, ఇందాకటి నిమిషాల లెక్క ఇప్పుడు చెల్లదు. ఎర్రదీపం కింద కంటినే నమ్ముకోవాలి. ఒక ప్రింటు మరొకదానిలా ఉండదు. దీన్ని లోపమనడం నాకు సమ్మతం కాదు.

అసలు చిక్కు కాగితానిదే. డెవలపరును తమలోనే కలుపుకొని వచ్చే కాగితాలు ఈ పద్ధతికి సరిగా లొంగవు. నలుపు తెలుపు కాగితాల తయారీ మానేస్తున్నట్టు కోడాక్ 2005లో ప్రకటించింది. చెక్ దేశంలో తయారయ్యే ఫోమాటోన్ మాత్రం చక్కగా లొంగుతుంది.