మొహర్రంకు శుభాకాంక్షలా?

మొహర్రం వచ్చిందంటే కూడళ్లలో ఫ్లెక్సీలు వెలుస్తాయి. నాయకుల చిత్రాల నడుమ ‘మొహర్రం పండుగ శుభాకాంక్షలు’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. కట్టించినవారి ఉద్దేశం మంచిదే. ఆ పలకరింపు ఇమామ్ హుస్సేన్‌ను తలచుకుని కన్నీరు పెట్టుకునే ఇంటివారికి ఎలా వినిపిస్తుందో ఆలోచించేవారు మాత్రం తక్కువ.

మొహర్రం హిజ్రీ సంవత్సరంలో తొలి మాసం. అందులో పదో రోజు అషూరా. క్రీ.శ. 680లో ఆ రోజునే నేటి ఇరాక్‌లోని కర్బలాలో మహమ్మద్ ప్రవక్త మనుమడు ఇమామ్ హుస్సేన్, పలువురు కుటుంబసభ్యులు, అనుచరులతో కలిసి అమరుడయ్యారు. నీరు సైతం అందక వారు దాహంతో అలమటించిన వైనాన్ని స్మరిస్తూ షియాలు నల్లని దుస్తులు ధరించి సంతాపం పాటిస్తారు. బాటసారులకు మంచినీరు, షర్బత్ పంచుతారు. హైదరాబాద్‌లో డబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ వరకు సాగే బీబీకా అలం ఊరేగింపు ఆ దుఃఖానికి సంబంధించినదే. సున్నీలలో అనేకులు ఆనాడు ఉపవాసం ఉంటారు.

పల్లెల సంగతి వేరు. రాయలసీమ, తెలంగాణ గ్రామాల్లో ఇది పీర్ల పండుగ. అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్లకు మొక్కుకునే హిందువులు పెద్దసంఖ్యలో ఉంటారు. అదే ఊళ్లో ఆంజనేయస్వామినీ దర్శించుకుంటారు. ఈ ప్రాంతంలో కుళ్లాయప్ప అన్న పేరు ఇంటింటా వినిపిస్తుంది. అక్కడ ‘పండుగ బాగా జరిగిందా’ అని అడిగితే తప్పుపట్టేవారుండరు. అదే మాట పాతబస్తీలోని షియా కుటుంబంతో అంటే మనసు నొచ్చుకుంటుంది.

గుడ్‌ఫ్రైడే విషయంలోనూ ఇదే పొరపాటు. పేరులో ‘గుడ్’ ఉంది కదా అని ‘హ్యాపీ గుడ్‌ఫ్రైడే’ సందేశాలు పంపేవారున్నారు. అది క్రీస్తును శిలువ వేసిన దినం. శుభాకాంక్షలు తెలుపవలసింది ఆపై వచ్చే ఈస్టర్ ఆదివారంనాడు. పితృదేవతలకు తర్పణం విడిచివచ్చిన వ్యక్తికి మహాలయ అమావాస్య శుభాకాంక్షలు చెబితే ఎలా ఉంటుందో ఊహించవచ్చు. (తెలంగాణలో అదే రోజు ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది, అది వేరే విషయం.)

మరి ఏమనాలి? రంజాన్ పండుగనాడు ‘ఈద్ ముబారక్’ అనవచ్చు, అదీ నెలవంక కనిపించి పండుగ ఖరారైన తర్వాతే. అషూరానాడు షియా మిత్రుల ఇంటికి వెళ్లినవారు ప్రత్యేకించి ఏమీ అనక్కరలేదు. ఇచ్చిన షర్బత్ అందుకుని కాసేపు కూర్చుంటే చాలు. తెలియనిచోట ‘ఈ రోజు మీకు ఎలాంటి రోజు’ అని అడగడంలో నామోషీ లేదు. ఇక ఫ్లెక్సీ కట్టించక తప్పదనుకునే నాయకులు ‘శుభాకాంక్షలు’ తీసివేసి ‘ఇమామ్ హుస్సేన్ త్యాగానికి నివాళి’ అని రాయించుకోవచ్చు.