బాలశిక్షయందు శబ్దార్థముల పౌర్వాపర్యము

బాలునకు శబ్దమును ముందు నేర్పి, అర్థమును కాలక్రమమున బోధింపవలెనా, లేక వస్తువును కన్నులకు జూపిన పిదపనే దాని పేరు చెప్పవలెనా యను ప్రశ్నము బడిలో పుట్టినదే యైనను బడితో ముగియునది కాదు. బుద్ధి యెట్లు వికసించునను సిద్ధాంతమును బట్టి దీనికి సమాధానము మారుచుండును. ఐరోపాఖండమున నీ వాదమును గ్రంథముఖమున నడపినవారిలో ముఖ్యులు ఇంగ్లీషు తత్త్వవేత్త జాన్ లాకును, జెనీవా నగరమున జన్మించిన రూసోయును. లాకు 1704వ సంవత్సరమున గతించెను. రూసో 1712లో పుట్టెను. ఖండింపబడినవాడు బదులు చెప్పుటకు లేడు గనుక, రూసో మాటలను పరీక్షించునపుడు లాకు పక్షమును చదువరులే తలచుకొనవలసి యున్నది.

లాకు వైద్యము నభ్యసించినవాడు. షాఫ్ట్స్‌బరీ ప్రభువు నింట వైద్యుడుగ నుండి, ఆయన మనుమని చదువును గూడ చూచుచుండెను. హాలండున ప్రవాసముననున్న కాలమున, 1684 మొదలుకొని, ఎడ్వర్డు క్లార్కు అను మిత్రునకు ఆయన కుమారుని పెంపకమును గూర్చి జాబులు వ్రాసెను. ఆ జాబులే 1693లో గ్రంథరూపమున వెలువడినవి. జాబులనుండి పుట్టినది గాన నందు శాస్త్రగ్రంథమునకుండు క్రమము లేదు. పిల్లవాని పాదములను నిత్యము చన్నీట కడుగవలెననియు, జోళ్లు నీరు చొరునంత పలుచగా నుండవలెననియు, పడక కఠినముగా నుండవలెననియు వైద్యునివలె మొదలుపెట్టి, శీలము, వివేకము, మర్యాద యను మూడింటికి పిదపగాని చదువునకు చోటియ్యడు. గ్రంథములతోనే కాలము గడపినవాడు చదువును కడపట నిలుపుట వింతగా దోచునని తానే యొప్పుకొనెను.

ఆ కడపటి చోటున జెప్పినది మాత్రము మిగుల విలువ గలది. అక్షరములను పాచికలపై నంటించి యాటగా నేర్పవలెను. లాటిను భాషను వ్యాకరణసూత్రములతో గాక సంభాషణముతో నేర్పవలెను. పుటలకు పుటలు కంఠస్థము చేయించుటవలన జ్ఞాపకశక్తి పెరుగునను నమ్మకము వట్టిది. ఆ శక్తి దేహప్రకృతిని బట్టి వచ్చునదే కాని యభ్యాసముచే వచ్చునది కాదు. అయినను క్రైస్తవ ప్రార్థనమును, దశాజ్ఞలను పిల్లవాడు చదువనేరకమునుపే యొకరు పలుకగా విని వల్లించి కంఠస్థము చేయవలెనని యాయనయే విధించెను. వల్లెవేయుటను నిరసించినవాడును దానిని బొత్తిగా విడువలేదన్న మాట. మొదటి పఠనమునకు బొమ్మలు గల ఈసపు కథలు తగినవని సూచించెను. అన్నిటికంటె ప్రసిద్ధమైన మాట, పిల్లలకు హేతువు చెప్పి యొప్పింపవలెననుట. వారికి మాటలు తెలిసినప్పటినుండియే హేతువును తెలియునని యాయన మతము.

ఈ మాటపైననే రూసో గురిపెట్టెను. 1762లో ప్రకటింపబడిన ‘ఎమీలు’ అను తన గ్రంథమున నతడు చేసిన యాక్షేపము సూటియైనది. మనుష్యుని శక్తులన్నిటిలో వివేచనశక్తి కడపట పండునది. విద్య యొక్క ఫలముగా రావలసిన దానినే విద్యకు సాధనముగా వాడుట తుదినుండి మొదలుపెట్టుటయే. పిల్లవాడు హేతువును గ్రహించువాడే యైనచో వానికి శిక్షకుడే యక్కరలేదు. కావున పండ్రెండవ యేటివరకును బోధ మానుకొని, దోషము చొరకుండ కావలి కాయుటయే విద్య యని యతడు నిర్ణయించెను. ఎమీలు దేనిని గంఠస్థము చేయడు.

ఈ నిషేధమును సమర్థించుటకు రూసో చూపిన నిదర్శనములు రెండు. మొదటిది యొక విందున జరిగిన ముచ్చట. ఒక బాలుడు అలెగ్జాండరు కథను చక్కగా వినిపించెను: వైద్యుడగు ఫిలిప్పు విషము పెట్టునని జాబు వచ్చియున్నను, ఆ రాజు అతని ముఖము జూచుచునే మందును త్రాగెను. పెద్దలు ఆ ధైర్యమునకు మెచ్చుకొనిరి. పిమ్మట నా బాలుని వేరుగా నడుగగా, అతడు మెచ్చినది రాజునకు మిత్రునియందు గల విశ్వాసమును కాదు, చేదుమందును మొగము చిట్లింపక మ్రింగుటను. కొలదిదినములకు పూర్వమే యా పిల్లవానికి మందు త్రాగింపబడియుండెను! కథ యంతయు నోటికి వచ్చెను. అర్థము మాత్రము వాని నాలుకకు దెలిసిన చేదుకడనే నిలిచెను.

రెండవది పండితులకు మరింత రుచించునది. లా ఫొంతేను రచించిన కాకి నక్కల కథను దీసికొని రూసో ప్రతిపదమునకు టీక వ్రాసెను. మన టీకాకారులు పదమును విప్పి యర్థమును జేర్తురు. ఇతడు పదమును విప్పి యర్థము లేమిని జూపెను. కాకికి గౌరవవాచక మేల? ఎట్టి జున్ను? ఫినిక్సు పక్షి యనగా నేమి? పొగడ్త యనునది యెరుగని పిల్లవానికి నక్క పలుకులలోని మోసము తెలియుట యెట్లు? తెలిసెనా, మరియు చెడ్డది. పిల్లలు కాకిని చూచి నవ్వుదురు, నక్కనే ప్రేమింతురు. చీమ కథ విన్నచో ఇయ్యకుండుటను, పైగా నెగతాళి సేయుటను నేర్చుకొందురు.

ఈ వాదమున సగము చెల్లును, సగము చెల్లదు. కథకు పెద్దలు తగిలించు నీతిని పిల్లవాడు గ్రహింపడనుట యనుభవసిద్ధము. ఈ విషయమున లాకుకంటె రూసో చూపు నిశితమైనది. కాని నేడు తెలియనిది యెన్నటికిని తెలియదనునట్లు వాదించుట న్యాయము కాదు. చిన్ననాట నోటికి వచ్చిన పద్యము ఇరువదేండ్లకు హఠాత్తుగా నర్థమిచ్చుట యెరుగని పండితుడు లేడు. లాకును గూర్చి కూడ రూసో సంపూర్ణముగా చెప్పలేదు. పిల్లలకు జెప్పు హేతువులు వారి వయస్సునకు దగినవై, కొలది మాటలలో, తేటగా నుండవలెననియు, దీర్ఘతర్కము వారికి పనికిరాదనియు లాకు స్పష్టముగా వ్రాసియున్నాడు. పూర్వపక్షమును బలహీనపరచి ఖండించుట ఏ దేశమునను కొత్త గాదు.

ఈ యిరువురి చరిత్రములును వారి గ్రంథములకు కఠినమైన వ్యాఖ్యానములుగా నున్నవి. పెద్దింటి బిడ్డను కొట్టుట దాస్యబుద్ధిని బుట్టించునని వ్రాసిన లాకు, 1697లో వాణిజ్యసభ సభ్యుడుగా బీదల పోషణమును గూర్చి యొక యోజన వ్రాసెను. మూడేండ్లు నిండి పదునాలుగేండ్లు నిండని బీదపిల్లలను పనిబడులలో జేర్చి నూలు వడికించి, కడుపునిండ రొట్టె పెట్టవలెననియు, చలికాలమున నవసరమైనచో వేడి గంజి పోయవలెననియు నందున్నది. పొరుగూర బిచ్చమెత్తుచు బట్టుబడిన పిల్లవానిని గట్టిగా కొరడాతో కొట్టించి సాయంకాలము వరకు పని చేయింపవలెననియు నందే యున్నది. ఆ యోజన శాసనము కాలేదు. కాని వ్రాసిన చేయి యొక్కటే. రూసో తన యైదుగురు శిశువులను పారిసులోని యనాథాలయమునకు పంపివేసెను. 1764లో వోల్టేరు పేరు దాచుకొని యా సంగతిని బయటపెట్టెను. మతమును గూర్చిన నాలుగవ భాగమునకై ‘ఎమీలు’ను పారిసులోను, జెనీవాలోను దహించిరి. అయిదవ భాగమున స్త్రీవిద్యకు పురుషుని సంతోషపెట్టుటయే ప్రయోజనమని చెప్పినందులకు మాత్రమెవరును దహింపలేదు. దానికి సమాధానము 1792లో మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్టు అను నామె తన గ్రంథమున జెప్పెను.

ఈ సిద్ధాంతములను బడిలో పెట్టి చూచినవాడు స్విట్జర్లాండువాడగు పెస్టలాజీ. ఇతడు 1770లో పుట్టిన తన కుమారునకు రూసో పేరే పెట్టెను. 1774లో వాని పెంపకమును గూర్చి దినచర్య వ్రాసి, స్వేచ్ఛకు విధేయతకు పొత్తు కుదుర్చుట యెంత కష్టమో యందు దెలిపెను. 1799లో స్టాంజు అను నూర యుద్ధమున దిక్కులేనివారైన పిల్లలను జేర్చి కొలది నెలలు పోషించి చదివించెను. 1801లో వెలువడిన గ్రంథమున, జ్ఞానమంతయు ప్రత్యక్షదర్శనమున మొదలగుననియు, సంఖ్య, ఆకృతి, నామము అనునవి దాని యంగములనియు ప్రతిపాదించెను. వస్తువు ముందు, మాట వెనుక. అయితే బుర్గ్‌డార్ఫు పట్టణమున నతనికడ జదివిన రామ్‌సావరు అను శిష్యుడు తరువాత వ్రాసిన సంగతి విచిత్రముగా నున్నది. గోడకంటించిన పాతకాగితము చిరుగులను జూపి, వాని సంఖ్యను, ఆకృతిని, స్థానమును వర్ణించు వాక్యములను గురువు పలుకగా పిల్లలందరు నేకకంఠముగా పలుకుచుండెడివారట. ప్రత్యక్షదర్శనము కూడ చివరకు వల్లెవేయుటగా పరిణమించెను. దోషము వల్లెలో లేదని, వల్లించు వస్తువులోను గురువులోను వెదకవలసి యున్నదని యీ యొక్క యుదాహరణమే చెప్పుచున్నది.

ఆంధ్రదేశపు వీథిబడికి నీ చరిత్రతో సంబంధము గలదు. 1789లో చెన్నపట్టణపు ఎగ్మూరులోని యనాథబాలుర శాలకు పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్లు, దేశీయుల బడిలో పిల్లలు ఇసుకపై వ్రేలితో నక్షరములు దిద్దుట చూచి, దానిని, తెలిసిన పిల్లవానిచేత తెలియని పిల్లవానికి జెప్పించు పద్ధతిని తన శాలలో బెట్టి, 1797లో లండనునందు పుస్తకముగా ప్రకటించెను. ఈ బెల్లు 1816లో ఇవెర్డను పట్టణమునకు బోయి పెస్టలాజీ పాఠశాలను జూచెను. వస్తువును ముందు చూపువానిని, వల్లెను వ్యవస్థగా మార్చినవాడు కలిసికొనెను. కాని యొకరి మార్గము రెండవవారికి నచ్చలేదు.

తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున రచించిన ఎ. డి. కాంబెలు బళ్లారి మండలమునకు కలెక్టరుగానుండి 1823లో దేశీయపు బడులను గూర్చి విన్నపము వ్రాసెను. నేటి అనంతపురపు సీమ నాడా మండలములోనిదే. ఇసుకపై వ్రాయించుటయందలి పొదుపును, పెద్దపిల్లలచే చిన్నవారికి జెప్పించుటను అతడు మిక్కిలి మెచ్చుకొనెను. అతని యాక్షేపము వేరు: బడిలో జదువు పుస్తకములు పద్యభాషలో నున్నవి, వాడుకలో పలుకు భాష వేరు, లిపి యొక్కటియే గాని మాటలు వేరు, విప్పి చెప్పగల గురువులు కొందరే, గ్రహించు శిష్యులు అంతకంటె తక్కువ, పిల్లలు చిలుకపలుకులు పలుకుచున్నారు. పరదేశీయుని నిందయని దీనిని త్రోసివేయుటకు వీలులేదు. అర్థ మెరుగక వేదమును వల్లించువానిని బరువు మోయు స్థాణువుతో బోల్చిన పలుకును యాస్కుడే నిరుక్తమున నుదాహరించెను. చిలుకకంటె స్థాణువు నయమా?

కాని యొక భేదమును కాంబెలు గుర్తింపలేదు. అమరమును బాలుడు వల్లించుట యిప్పుడే యనుభవించుటకు కాదు; కావ్యము చదువు నాటికి పదములను కూడబెట్టుకొనుటకు. రాబోవు పాఠము నిశ్చయముగా నున్నచో నది నిక్షేపము. ఆ పాఠము రానిచో వట్టి బరువు. నాటి బళ్లారి పిల్లలలో నెందరు కావ్యపాఠమువరకు పోగలిగిరి? ఆ విన్నపములోని లెక్కలే కొంత చెప్పుచున్నవి. మండలమంతటికి 533 బడులు, 6,641 మంది పిల్లలు. అనగా బడికి సుమారు పండ్రెండుగురు, జనులలో వేయింటికి సుమారు ఏడుగురు. వారిలో బాలికలు 60 మంది. బడులు క్షీణించుటకు దేశమున క్రమముగా వ్యాపించిన దారిద్ర్యము కారణమనియు, ఆ స్వల్పపు ఖర్చునైనను భరింపలేక తల్లిదండ్రులు పిల్లలను, వారి లేత చేతులు పనికి వచ్చిన వెంటనే, బడి మాన్పించుచున్నారనియు కాంబెలు వ్రాసెను.